మోకాలెత్తు కిటికీ

సొరంగం క్యాంపు,
నవంబరు

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఫోనులో చెప్పాల్సిన విషయమే. కానీ ఈ కొండల్లో లైను దొరికితే మాట వినబడదు, మాట వినబడితే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను. మీ అమ్మాయి పోయి ఏడాది దాటింది. నేను ఈ సొరంగం పనిలోనే ఉండిపోయేలా ఉన్నాను. తాళం వేసిన ఇల్లు చెమ్మెక్కిపోతోందని పక్కింటి తాతగారు కబురు చేశారు. బ్రోకరుతో మాట్లాడాను. చలికాలంలో ఇల్లు చూడటానికి ఎవరూ దుప్పట్లోంచి బయటికి రారనీ, ఎండలు ముదిరాక చూద్దామనీ అన్నాడు. అంతదాకా ఆగడం నాకు కుదరదు.

ఒక తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా. ఎవరైనా చూస్తామంటే కాస్త తలుపు తీసి చూపించగలరా? నేను రాలేను. సొరంగం సగంలో ఉంది, సెలవు ఇవ్వరు. మిమ్మల్ని అడగడం ధర్మం కాదని తెలుసు. అడగడానికి మీరు తప్ప నాకు ఎవరూ లేరు.

చలి జాగ్రత్త.

మీ అల్లుడు


ఇంటి దగ్గర,
నవంబరు చివర

అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరం వచ్చింది. చదివి పక్కన పెట్టి, రెండు జాకెట్లకు గుండీలు కుట్టి, మళ్లీ చదివాను. మీ ఇల్లు, మీ ఇష్టం. చూపించమన్నారు, చూపిస్తాను.

తలుపు తీయగానే తడి బట్టల మూట విప్పినట్టు వాసన. ఏడాదిగా పొయ్యి వెలగని ఇంటిని ఎవరు కొంటారు? అందుకని నా కుట్టుమిషను తెచ్చి ముందుగదిలో వేసుకున్నాను. పగలంతా ఇక్కడే కుడుతున్నాను. టీ మరిగిన వాసన, ఇస్త్రీ వాసన ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది. రాత్రిళ్లు నా గదికి వెళ్దామంటే ఈ పొగమంచులో రోడ్డు దాటాలంటే భయం. పడక కూడా ఇక్కడికే మార్చాను.

ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు. ఒకావిడ వంటగది బాగుందని మెచ్చుకుని, పడగ్గదిలో ఆ కిటికీ చూసి ఆగిపోయింది. "ఇదేంటండీ, మోకాలెత్తులో పెట్టారు, మేస్త్రీ తాగి కట్టాడా?" అంది. మా అమ్మాయి, మా పిచ్చుకే గీసిందనీ, ఊళ్లో సగం ఇళ్లకు నక్షాలు గీసిన పిల్ల అనీ చెప్పాను. ఎందుకలా గీసిందో నాకూ తెలియదు. కట్టేటప్పుడు అడిగితే నవ్వి ఊరుకుంది. మీకు తెలిస్తే రాయండి, వచ్చినవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా.

దాని బీరువా అలాగే ఉంది. తెరవలేదు. ఏం చేయమంటారు?

మీ అత్తగారు


సొరంగం క్యాంపు,
డిసెంబరు

అత్తయ్యగారికి,

మీరు అక్కడే ఉంటున్నందుకు ఏమని రాయాలో తెలియడం లేదు. హీటరు తీగ పాతది, వెలిగించి నిద్రపోకండి. స్నానాలగది కుళాయి కుడివైపు గట్టిగా తిప్పితేనే ఆగుతుంది.

బీరువాలో మీకు కావలసినవి తీసుకోండి. మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి. నాకు ఏమీ పంపవద్దు.

కిటికీ తనకు అలాగే కావాలంది. అంతే.

మీ అల్లుడు


ఇంటి దగ్గర,
డిసెంబరు మధ్యలో

అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరాలు టెలిగ్రాముల్లా ఉంటున్నాయి. సొరంగంలో మాటలకు కూడా కరువేమో.

కుళాయి ఆగింది. హీటరు వాడటం లేదు, రెండు శాలువాలు కప్పుకుంటున్నాను. ముందుగదికి కొత్త పరదాలు కుట్టాను. పాతవి ఎండకు వెలిసి గోధుమపిండి రంగుకు వచ్చాయి. పక్కింటి తాతగారు రోజూ వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, టీ తాగి, లోకం పాడైపోయిందని చెప్పి వెళ్తారు. మధ్యాహ్నం కాసేపు మంచు విడితే వెనక అరుగు మీద ఎండ పడుతుంది. అక్కడ కూర్చుని చేతికుట్టు పని చేసుకుంటున్నాను. ఈ ఇంట్లో నేను ఇంత తీరికగా ఎప్పుడూ కూర్చోలేదు. అది ఉన్నప్పుడు ఎప్పుడు వచ్చినా పనుందని లేచిపోయేదాన్ని.

అమ్మకం సంగతి అడుగుతారేమో. స్కూలు టీచర్లు, మొగుడూ పెళ్లాం, రెండుసార్లు వచ్చారు. ఆవిడకు బాగా నచ్చింది. మళ్లీ రాలేదు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు తల్లిని తీసుకొచ్చాడు. వాళ్లూ మళ్లీ రాలేదు. చలి కదా. తొందరపడితే మాత్రం ఏమవుతుంది, ఇల్లు కదిలిపోతుందా?

బీరువా ఇంకా తెరవలేదు.

మీ అత్తగారు


సొరంగం క్యాంపు,
డిసెంబరు చివర

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది. చదవడం మీకు ఇంకా కష్టమవుతుంది. ముందే క్షమించండి.

బ్రోకరు రాశాడు. వచ్చిన ప్రతివాళ్లకూ ఉత్తరం వైపు గోడ చెమ్మ మీరే దగ్గరుండి చూపిస్తున్నారట. బ్యాంకు కుర్రాడి తల్లితో వానాకాలంలో వీధిలో నీళ్లు నిలుస్తాయని చెప్పారట. టీచరుగారి భార్య పడగ్గదిలో మంచం ఎక్కడ వేసుకోవాలో చూసుకుంటుంటే, "మా అమ్మాయి మంచం కూడా అక్కడే ఉండేది, అక్కడే పోయింది" అన్నారట. ఆవిడ మంచం సంగతి వదిలేసి నేరుగా గేటు దాటిపోయిందట.

మీరు అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అది నాకు తెలుసు. కానీ అత్తయ్యగారూ, ఇల్లు అమ్మడం మీకు ఇష్టం లేకపోతే నాతో ఆ మాట అనాల్సింది. నేను అడిగినప్పుడే కాదనాల్సింది.

మీకు చేతకాకపోతే తాళంచెవి బ్రోకరుకు ఇచ్చేయండి. చలికాలం పోయేలోపు ఇది తెమలాలి.

మీ అల్లుడు


ఇంటి దగ్గర,
జనవరి

అల్లుడుగారికి,

అవును, చెప్పాను. నా కూతురు పోయిన గదికి సున్నం కొట్టి, ఏమీ జరగనట్టు చూపించడం నాకు రాదు.

ఎందుకంత తొందర అని బ్రోకరును నిలదీశాను. నేను వింటే బాధపడతానని కూడా అనుకోలేదు పాపం. "కొత్త కాపురానికి అక్కడ ఇల్లు చూసుకోవాలి కదమ్మా" అన్నాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. తెలిసినట్టే తల ఊపాను. అతను వెళ్లాక తలుపు వేసి, ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అడుగంటిన వాసన వస్తేనే పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చింది.

మీకు నలభై కూడా నిండలేదు. నేనేమైనా గడ్డీ గాదం తిని బతుకుతున్నానా, ఆ మాత్రం తెలియకపోవడానికి? మీరు రాస్తే కాదనేదాన్ని కాదు. కనీసం బ్రోకరు నోట వినేదాన్ని కాదు. నాకు చేతకాకపోతే తాళంచెవి ఇచ్చేయమన్నారు. మరి మీకు చేతనైంది ఏమిటి?

రాసినవి చాలా చించాను. ఇది చించబుద్ధి కాలేదు.


సొరంగం క్యాంపు,
జనవరి

అత్తయ్యగారికి,

ఇలా పిలిచే హక్కు ఇంకా ఉందో లేదో తెలియకుండానే రాస్తున్నాను.

ఆవిడ ఇక్కడ క్యాంపు ఆసుపత్రిలో నర్సు. భర్త చాలా ఏళ్ల కిందట పోయాడు, పిల్లలు లేరు. కిందటి ఎండాకాలంలో రాయి జారి నా భుజం దెబ్బతింది. మీకు రాయలేదు. రోజూ కట్టు మార్చడానికి వెళ్లేవాణ్ని. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, నేను అంతకన్నా తక్కువ. ఒకరోజు కట్టు కడుతూ, "మీకు నొప్పి ఇక్కడ లేదు లెండి" అంది. ఆ రోజు మీ అమ్మాయి గురించి మొదటిసారి ఒక మనిషితో మాట్లాడాను. ఆవిడ చివరిదాకా విన్నది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

మీకు ఎందుకు రాయలేదంటే, రాసిన రోజు నుంచీ మీకు నేను ఎవరినీ కాకుండా పోతానని భయం. కూతురు పోయాక అల్లుడనే మాటకు ఇంకేం మిగులుతుందో నాకు తెలియదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా నా చొక్కా కాలర్లు నేను అడగకుండానే మీరు తిప్పి కుట్టేవారు. ఆ మనిషిని కూడా పోగొట్టుకోవడం నా వల్ల కాదనిపించింది. అందుకే దాచాను. దాచి, ఏది జరగకూడదనుకున్నానో అదే చేసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీరు కిటికీ గురించి అడిగారు, నేను అంతే అని ఊరుకున్నాను.

ఇంటికి నక్షా గీసేటప్పుడు తనకు నాలుగో నెల. పాకే బిడ్డ తనంతట తాను వీధి చూడాలని, ఎవరూ ఎత్తుకోకుండానే చూడాలని, ఆ కిటికీ అంత కిందకు పెట్టింది. గోడలు సగం లేచేసరికి బిడ్డ నిలవలేదు. మేస్త్రీ కిటికీ పైకి జరపమంటారా అని అడిగాడు. ఉంచమంది. ఆ తర్వాత ఇంకోసారి కూడా అలాగే అయింది. మీకు రాస్తానంటే వద్దంది. ఆ ఏడాదే మామయ్యగారు పోయారు. "అమ్మ దగ్గర ఇప్పటికే ఉన్న ఏడుపు చాలు, నాది కూడా వేయొద్దు" అంది. మాట ఇచ్చాను. తను ఉన్నంతకాలం నిలబెట్టుకున్నాను.

తను పోయిన మర్నాడు నేను వచ్చేసరికి ఆ గది ఊడ్చి, పక్కబట్టలు మార్చి, కిటికీ తెరిచి పెట్టారు మీరు. నాకోసమే చేశారు. కానీ ఆ గదిలో నాకు తన ఆనవాలు ఏమీ దొరకలేదు. ఒక్క ఆ కిటికీ తప్ప. అందుకే ఆ ఇంట్లోకి రాలేను. సెలవు ఇవ్వరన్నది అబద్ధం. నేను అడగనే లేదు.

ఇల్లు అమ్మవద్దంటే అమ్మను. మీ మాట కోసం చూస్తాను.


ఇంటి దగ్గర,
ఫిబ్రవరి

బాబూ,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. కోపంతో కాదు. మొదట కొన్నాళ్లు కోపమే. తర్వాత అది కూడా లేదు.

ఇకమీదట నిన్ను మీరు అనలేను. నా కూతురు నాకు చెప్పుకోలేని దుఃఖం నీతో పంచుకుంది. ఆ దుఃఖం మోసినవాణ్ని బయటివాణ్ని పిలిచినట్టు పిలవడానికి నోరు రావడం లేదు.

ఆ కిటికీ దగ్గర నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్ల సంగతి తెలుసు కదా, కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. అక్కణ్నుంచి చూస్తే గేటు కింది సందులోంచి వీధిలో పోయేవాళ్ల కాళ్లు కనబడతాయి. సైకిలు చక్రాలు, కుక్కలు. అంతా పాకే పిల్లల లోకమే. రెండుసార్లు అమ్మమ్మను కాబోయి కాలేదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది. ఆ రెండుసార్లూ నేను ఇక్కడికి వచ్చే ఉంటాను. వచ్చి, అన్నం తిని, కూరలో ఉప్పు ఎక్కువైందని పిల్లను వేళాకోళం చేసి ఉంటాను. అది నవ్వే ఉంటుంది. తల్లికి కడుపులో మాట తెలుస్తుందంటారు. నాకు తెలియలేదు బాబూ.

బీరువా తెరిచాను. బట్టలు పక్క వీధి ఆసుపత్రికి ఇచ్చాను. ఒక్క పాత స్వెట్టరు ఉంచుకున్నాను, మోచేతుల దగ్గర చిరిగింది. బాగుచేయను.

ఇల్లు అమ్ముదాం. నేనే చూపించాను, ఈసారి సరిగ్గా చూపించాను. ఇనుప సామాన్ల దుకాణం ఆయన వచ్చాడు. కుండ కొంటున్నట్టు ప్రతి గోడనూ వేలితో కొట్టి చూశాడు. చెమ్మ అతనే కనిపెట్టాడు, నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పడగ్గదిలో నిలబడి, దాచడం నాకు చేతకాక, మా అమ్మాయి ఈ గదిలోనే పోయిందని చెప్పాను. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా అమ్మ కూడా మా ఇంట్లోనే పోయిందండీ. ఇల్లన్నాక పుట్టేవాళ్లు పుడతారు, పోయేవాళ్లు పోతారు" అన్నాడు. ఆ మాటతో ఇతనికే ఇద్దామనుకున్నాను.

వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. చేరగానే ముందు ఆ కిటికీ మూయిస్తాడట, దొంగలకు మెట్టులా ఉందట. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇల్లు అమ్మి కిటికీ మాది అనలేం కదా.

ఇంకొక సంగతి నీకు చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన నెలలోనే నా అద్దెగది వదిలేశాను. ఈ ఇల్లు అమ్ముడుపోదనుకున్నాను, పోనివ్వననుకున్నాను. ఇప్పుడు పాత దర్జీ దుకాణం పైన ఒక గది మాట్లాడుకున్నాను. మెట్లు ఎక్కువ, వెలుగు బాగుంది. నా గురించి బెంగపడకు.

రిజిస్ట్రేషనుకు నువ్వే రావాలి. అది నా వల్ల కాదు, సంతకం నీది.

అత్తయ్య


సొరంగం క్యాంపు,
ఫిబ్రవరి చివర

అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. బస్సు కొండ ఎక్కుతున్నంతసేపూ, మీతో అనాల్సినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. రిజిస్ట్రేషను ఆఫీసులో బల్ల మీద పక్కపక్కన కూర్చుని కూడా "టీ తాగారా" తప్ప అనలేకపోయాను.

సంతకాలయ్యాక, దుకాణం ఆయన ఒకసారి చూసుకుని రండని తాళంచెవి మళ్లీ నా చేతికిచ్చాడు. నేను గడప దగ్గరే నిలబడిపోతే మీరు ముందు నడిచారు. మీ వెనకే వచ్చాను. పడగ్గది దాకా వచ్చి, పెరట్లో బట్టలున్నాయంటూ మీరు వెళ్లిపోయారు. పెరట్లో బట్టలేవీ లేవని నాకు తెలుసు. గది ఖాళీగా ఉంది. చాలా చిన్న గది. నేను ఇన్నాళ్లు భయపడినంత పెద్దది కాదు. కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడ్చాను. మీరు విన్నారో లేదో.

బయటికి వచ్చాక నా కాలరు సరిచేశారు. అప్పుడు అనాల్సింది, అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తన చివరి రోజుల్లో దగ్గర మీరున్నారు. నేను ఉండాల్సిన చోట ఉన్నారు. దానికి రుణం తీర్చుకోలేను.

వచ్చే నెల ఇక్కడి ఆఫీసులో ఆవిడా నేనూ పెళ్లి సంతకాలు పెట్టుకుంటున్నాం. సాక్షులుగా ఇద్దరు ఇంజినీర్లు. మిమ్మల్ని రమ్మనే ధైర్యం నాకు లేదు. చెప్పకుండా ఉండే తప్పు మళ్లీ చేయలేను.

మీ అల్లుడు


దర్జీ దుకాణం పైన,
మార్చి

బాబూ,

విన్నాను. అందుకే పెరట్లోంచి ఆలస్యంగా వచ్చాను.

పెళ్లికి రాను. కోపం ఉండి కాదు, వస్తే మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక. అక్కడ అందరూ నన్నే చూస్తారు, ఆ అమ్మాయిని చూడాల్సింది పోయి.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేను. కొండల్లో చలి ఇంకా పోలేదు కదా. ఆ అమ్మాయికి ఒక చలికోటు కుడతాను. కింద దుకాణంలో మంచి ఉన్ని బట్ట వచ్చింది, ముదురు ఆకుపచ్చ. కొలతలు పంపించు. నువ్వు కళ్లతో కొలిచి రాయకు, మగవాళ్ల అంచనాతో కుడితే అది గుడారమవుతుంది. తననే టేపుతో కొలుచుకోమను. భుజాలు, ఛాతీ, నడుము, చేతి పొడవు, మెడ దగ్గర్నుంచి కింది వరకు.

కొత్త గది బాగానే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం నాకు తెలిసిన తిట్లన్నీ వాడుతున్నాను.

అత్తయ్య


సొరంగం క్యాంపు,
మార్చి చివర

అత్తయ్యకు,

పని అయింది. ఆఫీసులో గుమాస్తా ముద్రలు వేసి కాగితం చేతికిచ్చాడు. బయటికి వచ్చి అందరం టీ తాగాం. సాక్షి ఇంజినీరు ఒకాయన నాకన్నా ఎక్కువ కంగారుపడి సంతకం తప్పు గీత మీద పెట్టాడు.

కోటు ముందురోజే అందింది. చాలా బాగుంది. సరిగ్గా సరిపోయింది. వేసుకునే ఆఫీసుకు వచ్చింది. చేతులు వేళ్ల దాకా వచ్చి వెచ్చగా ఉన్నాయని మురిసిపోయింది. ఇంత మంచి కుట్టు ఎప్పుడూ చూడలేదంది. మీకు తనే రాస్తానంటోంది, ఏమని పిలవాలో తెలియక ఆగింది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ అల్లుడు


దర్జీ దుకాణం పైన,
ఏప్రిల్

బాబూ,

ఇద్దరూ చల్లగా ఉండండి.

సరిగ్గా సరిపోయిందని రాశావు. వేళ్ల దాకా రావడానికి నేను కుట్టింది కోటా, చేతి తొడుగులా? నీకు అబద్ధం అలవాటు లేదు, వదిలెయ్.

ఆ అమ్మాయి పంపిన కొలతలు ఎదురుగా గోడకు గుచ్చుకునే పని మొదలుపెట్టాను. భుజాలు ఆమెవే వేశాను, నడుము ఆమెదే. చేతుల దగ్గరికి వచ్చేసరికి కత్తెర దానంతటది పోయింది. మా పిచ్చుకవి పొడుగు చేతులు, స్టూలు ఎక్కకుండా అటక మీది డబ్బాలు దించేది. చిన్నప్పటి నుంచీ దానికి కుట్టీ కుట్టీ నా చేతికి ఆ పొడవు ఒక్కటే తెలుసు. ఇస్త్రీ చేసేటప్పుడు కొలిచి చూసుకున్నాను. విప్పుదామని బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఆ చేతుల్ని కోయబుద్ధి కాలేదు. అలాగే మడిచి పంపేశాను.

ఒకరి పెళ్లికి ఇంకొకరి కోటు పంపడం తప్పు. ఆ అమ్మాయికి తెలిసే ఉంటుంది. తెలిసి కూడా వేసుకుని వెళ్లిందంటే, నువ్వు రాసినదానికన్నా మంచి మనిషి అయ్యుంటుంది. అత్తయ్య అని రాయమను. నువ్వు ఎలా పిలిస్తే తనూ అలాగే.

కోటు తిప్పి పంపించండి. చలి తగ్గింది కదా, ఇప్పుడు తొందర లేదు. చేతులు విప్పి మళ్లీ వేస్తాను. కొందరికి కుడిచెయ్యి ఎడమచెయ్యి కన్నా ఒక పిసరు పొడుగుంటుంది. రెండూ విడివిడిగా కొలిచి పంపమను. ఈసారి ఆమె చేతులకే కుడతాను.

అత్తయ్య